డెజర్టూ డిజర్టూ

తొంభైల మొదట్లో మోతీనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేదాన్ని. వారానికి మూడు మధ్యాహ్నాలు జూబ్లీ హిల్స్ నుంచి నాకోసం కారొచ్చేది. ఒక సినిమా నిర్మాత భార్యకి ఇంగ్లీషు చెప్పాలి. బొంబాయి వాళ్లు విందుకొస్తే ఆవిడ నోరు విప్పడం లేదని ఆయన బాధ.

ఆవిడది భీమవరం వైపు. ఏది చెప్పినా ఇట్టే పట్టేసేవారు, ఒక్క జంట పదాల దగ్గర తప్ప. ఎడారి డెజర్ట్, భోజనం చివర పెట్టే తీపి డిజర్ట్. "అతిథులకి ఎడారి వడ్డిస్తారా?" అని విసుక్కుంటే నవ్వేవారు. "ఎదురుగా పెట్టుకుంటే గుర్తుంటుందేమోనండీ" అంటూ సున్నుండలో, పూర్ణాలో తెచ్చేవారు. "ఇది డెజర్టా, డిజర్టా టీచరు గారూ?" అని రోజూ అదే ప్రశ్న. పన్నెండు కుర్చీల బల్ల దగ్గర ఓ మూల ఇద్దరం కూర్చుని తినేవాళ్లం. నేను రాని రోజుల్లో ఆవిడ వంటింట్లో నిలబడే తినేస్తారని వంటావిడ చెప్పింది.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ ఫోనులో, విందుకి డిజర్ట్ ఏం చేయించారో ఇంగ్లీషులో చెబుతున్నారు. ఎక్కడా తడబాటు లేదు. నన్ను చూసి ఫోను పెట్టేసి, పుస్తకం తెరిచి మళ్లీ తప్పే చదివారు. సంగతి అర్థమైంది. ఏమీ ఎరగనట్టు దిద్దాను. ఖాళీ గదికి తొందరగా తిరిగి వెళ్లాలని నాకు మాత్రం ఉంటుందా?

తర్వాతి వారం ఆయన కారెక్కుతూ అడిగారు. "మా ఆవిడకి ఏమైనా వచ్చిందాండీ, అంతా దండగేనా?"

దండగ అనేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. "బ్రహ్మాండంగా వచ్చిందండీ. ఒక్క తప్పు లేదు" అన్నాను.

"అయితే ఇక చాలు కదా" అని ఆయన తలుపు వేసుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ అంతా విన్నారు. నా నోరే నాకు శత్రువు.

మళ్లీ కారు రాలేదు. పది రోజుల తర్వాత డ్రైవరు సైకిల్ మీద వచ్చి స్టీలు డబ్బా ఇచ్చాడు.

"అమ్మగారు పంపిండ్రు టీచరమ్మా."

"ఆవిడ తిన్నారా?"

"నేనొచ్చేటప్పుడు వంటింట్ల నిలవడి తింటుండ్రు."

అతను వెళ్లాక మూత తీశాను. పూర్ణాలు. మంచం మీద కూర్చుని ఒకటి కొరికాను. ఇది డెజర్టా, డిజర్టా అని అడిగేవాళ్లు ఎదురుగా లేరు.