పై పోర్షన్ల నవలల మనిషి

మా పై పోర్షన్ల కిరాయికుండేటాయన నవలలు రాస్తడు. ఈ ముచ్చట ఎవ్వలకన్న చెప్పాల్నంటె నాకు ఇప్పటికి నామోషే. పక్కింట్ల బీమా ఏజెంట్ ఉంటడు, ఎదురింట్ల కరెంటు లైన్‌మన్ ఉంటడు. అందరికీ చెప్పుకునే పనులున్నయ్. నా నసీబుల ఈయన రాసిపెట్టి ఉన్నడు.

ఇల్లు అడగనీకి వచ్చిన నాడే అడిగిన. "ఏం చేస్తవయ్యా?"

"నవలలు రాస్తనంకుల్."

"అది సరే. పనేం చేస్తవ్?"

ఆయన నవ్విండు. పక్కన పెండ్లాం యమున నిలబడ్డది, ఏడో నెల కడుపుతోని. "నేను కాజీపేట రైల్వే ఆఫీసుల క్లర్కునంకుల్, ఈయన ప్రైవేటు కాలేజీల తెలుగు చెప్తడు" అన్నది. అగో, ఆ పిల్ల మాట విని తాళంచెవులిచ్చిన. నవలలను చూసి ఇయ్యలే.

పేరు భానుచందర్. ముప్పై ఆరేండ్లుంటయ్, మరిపెడ దిక్కు మనిషి. అచ్చయింది ఒక్కటే నవల. ముందు పేజీల సంతకం పెట్టి నాకు గుడ ఒకటి ఇచ్చిండు. వరంగల్ బజార్ల నాది స్టీలు సామాన్ల దుకాణం, ముప్పై ఏండ్లాయె. మేం గుడ గిన్నెల మీద పేర్లు చెక్కుతం. కాకుంటె కొన్నోళ్ల పేర్లు చెక్కుతం, అమ్మినోనిది కాదు. ఆ పుస్తకాన్ని మా ఆవిడ సుభాషిణి ఫ్రిజ్ మీద పెట్టింది. దాని మీద ఇప్పుడు మందుల డబ్బా ఉన్నది.

యమునకు ఆడపిల్ల పుట్టింది. ఆర్నెల్ల సెలవు అయిపోయినంక యమున డ్యూటీకి పోవుడు షురూ చేసింది. మరి పిల్లనెవలు చూడాలె? ఈయన కాలేజీ నౌకరి ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నడు. పిల్లను ఛాతికి గుడ్డతోని కట్టుకొని గల్లీల తిరుగుడు, కూరగాయల బండి కాడ వంకాయలు ఏరుడు, మిద్దె మీద పిల్ల గుడ్డలు ఆరేసుడు. గడ్డమున్నది, మీసాలున్నయ్, నోట్ల మాత్రం బట్టల క్లిప్పు! నేను కిందికెల్లి చూసి తల దించుకునేటోన్ని. వానికి లేని సిగ్గు నాకెందుకో మరి.

ఒకరోజు ట్యాంకుల నీళ్లు చూడనీకి పైకి పోతె, పిల్ల పండుకున్నది, ఈయన పాత పరీక్ష పేపర్ల ఎనక దిక్కు ఏందో గీకుతాండు.

"కొత్త నవలనా? ఎంతవరకొచ్చింది?" అని అడిగిన.

"పదకొండు పేజీలైనయంకుల్."

"ఎన్ని దినాలల్ల?"

"ఆర్నెల్లు. ఇది నలభై నిమిషాలు పండుకుంటదంకుల్. ఇరవై నిమిషాలు గుడ్డలు పిండుడుకే పోతయ్. మిగిలిన దాంట్ల రాసుడు."

నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ గాలే. పదకొండు పేజీల కొరకు ఒక మొగోడు నౌకరి ఇడిసిండు! అంతకంటె ఇంకో ఇచిత్రముంది. రాసుడుకే టైం లేనోడు, వేరేటోళ్ల నవలలు తెచ్చి చదువుతడు. మనసుల గుడ కాదు, గట్టిగ, పిల్లను జోకొడుతా. నేను మధ్యాహ్నం రెండింటికి దుకాణంకెల్లి అన్నానికొస్త. తిని ఒక గంట నడుం వాలుస్త. సరిగ్గ అప్పుడే పైకెల్లి ఈయన గొంతు.

"జర మెల్లగ చదువయ్యా" అన్న.

"గొంతు ఆగితె పాప లేస్తదంకుల్."

"చదువుడెందుకసలు? ఆ టైంల నీది రాసుకోరాదు?"

"ఊకెనే అంకుల్, మజా కొరకు. పిల్ల వచ్చినంక రాసుడు తగ్గింది, నిద్ర తగ్గింది. ఇదొక్కటి తగ్గనియ్య."

మజా కొరకట! ఆ రోజు నాకు నిద్ర పట్టలే.

ఇగ మా బిడ్డ స్రవంతి ముచ్చట. మొదటి కాన్పు, పుట్టింటికొచ్చింది. దవాఖానల మంచిగనే అయింది, కొడుకు. ఇంటికి తెచ్చినంక మా ఆవిడ రాజ్యం మొదలైంది. చెవుల్ల దూది, నెత్తికి స్కార్ఫు, కిటికీ బంద్, ఫోన్ బంద్. బాలింత కండ్లు పచ్చిగ ఉంటయ్, చదివితె చూపు పోతదని, మా స్రవంతి సంచిల తెచ్చుకున్న నాలుగు పుస్తకాలను బీరువల పెట్టి తాళమేసింది. స్రవంతి చిన్నప్పటికెల్లి చదువుడు పిచ్చిది. పల్లీల పొట్లం కాయితం గుడ ఇడిసేది కాదు.

రెండు వారాలకు పిల్ల వాడిపోయింది. అన్నం ముంగట పెడితె రెండు ముద్దలు. పిలగానికి పాలిచ్చుకుంట గోడ దిక్కు చూసి ఏడ్సుడు. ఎందుకేడుస్తాన్నవంటె తెల్వదంటది. డాక్టరమ్మ గోలీలు రాసింది, మనసు కుషిగ ఉంచున్రి అన్నది. ఇప్పటి పిల్లలకు అన్నీ ఎక్కువే అనుకున్న. మా ఆవిడ ఇద్దర్ని కన్నది, ఎన్నడన్న ఏడ్సిందా? నేనైతె చూడలే.

మూడో వారానికి ఏమైందో ఏమో, స్రవంతి తినుడు మొదలుపెట్టింది. పొద్దున లేవంగనే "టైమెంత అమ్మా" అని అడుగుతాంది. ఒకపాలి నవ్వింది గుడ. గోలీలు పనిచేసినయ్ అనుకొని దుకాణంల అందరికి ఆ డాక్టరమ్మ పేరు చెప్పిన.

ఒకనాడు గిరాకీ లేక పన్నెండున్నరకే ఇంటికొచ్చిన. వాకిట్ల స్కూటర్ ఆపంగనే చదువుతాన్న గొంతు టక్కున ఆగింది. ఎనక దిక్కు పోయి చూస్తె ఏముంది! మిద్దె మెట్ల మీద, కింది నుంచి మూడో మెట్టు మీద, భానుచందర్ కూసున్నడు. ఛాతి మీద పిల్ల, చేతుల పుస్తకం. మెట్ల పక్కనే మా ఎనక తలుపు, సగం తెరిచి ఉన్నది. తలుపు లోపల్నే నా బిడ్డ మంచం. స్రవంతి కండ్లు మూసుకొని పండుకున్నది. ఒక చెవుల దూది ఉన్నది, ఇంకో చెవుది తలకింది మెత్త మీద ఉన్నది.

నాకు తిక్క లేసింది. "సిగ్గుండాలె! బాలింత ఉన్న గది కాడ నీకేం పనయ్యా?"

"చెల్లెకు చదవొద్దన్నరట గదంకుల్. వినొద్దని ఎవ్వలనలేదు. ఆంటీకి ఎరుకే."

మా ఆవిడను చూసిన. ఆమె వంటింట్లకు పోయింది. అంటె స్రవంతి తినుడు మొదలుపెట్టిన కాడికెల్లి, పది దినాలాయె, ఇది నడుస్తాంది, నాకొక్కనికే తెల్వది!

"ఒకటో తారీఖుకు ఇల్లు ఖాళీ చెయ్" అన్న.

భానుచందర్ మొఖం తెల్లబోయింది. పిల్లను జర గట్టిగ పట్టుకున్నడు. "యమునకు రైలు ఇక్కన్నుంచే దగ్గర అంకుల్. పసిపిల్లతోని మళ్ల ఇల్లు దొరుకుడు..." అని ఆగిండు. "సరే అంకుల్. ఈ పుస్తకం ఇంక నలభై పేజీలుంది. చెల్లెకు అదొక్కటి పూర్తి చెయ్యనియ్యిన్రి."

ఇల్లు పోతాంటె ఇంకా పేజీలు లెక్కపెడుతాండు! ఇసొంటోన్ని ఏమనాలె? "నడువ్" అన్న. మెట్లెక్కి పోయిండు.

అప్పుడు కండ్లు తెరిచింది స్రవంతి. నిద్ర పోనేలేదు.

"బాపూ, వాళ్లను పంపియ్యకు. ఆ పుస్తకంల మల్లవ్వ అని ఒక ముసల్ది కొడుకుల మీద అలిగి మేకను తోలుకొని ఇంట్లకెల్లి పోయింది. పొద్దున లేస్తె నాకు ఆమె యాదికొస్తాంది. లేకపోతె చచ్చిపోదామన్నది యాదికొస్తాండె."

పక్కకున్న స్టూలు గుంజుకొని కూసున్న. అయినా నోరు ఊకుంటదా? "పిల్లలను సాదుడంటె ఛాతికి కట్టుకొని కతలు చదువుడు కాదు. నిన్నూ మీ అన్ననూ నేను సాదలేదా? ఏం తక్వ చేసిన?"

"ఏం తక్వ చెయ్యలే బాపూ. నువ్వు దుకాణం కట్టేసి వచ్చేటప్పుడు గల్లీ మలుపు కాడ నీ స్కూటర్ సప్పుడు ఇనవడేది. నేనూ అన్నా అప్పటిదాంక అమ్మ చెప్పే కత వింటుండె. సప్పుడు వినంగనే అమ్మ ఆపేది, మేం కండ్లు మూసుకునేది. పిల్లలు పండుకున్నరా అని నువ్వు అడిగేది. పండుకున్నరు అని అమ్మ చెప్పేది. ఒక్కనాడు గుడ పండుకోలే బాపూ."

అంత మెల్లగ చెప్పింది. కోపంగ చెప్పినా నాలుగు మాటలనేటోన్ని. సుభాషిణి వంటింట్లకెల్లి బయటికి రాలే. నేను అన్నం తినకుంట దుకాణం పోయిన. అక్కడ గుడ ఊకె గిన్నెలు ఇటుకెల్లి అటు పెట్టిన.

ముప్పై ఏండ్లు. పండుకున్న పిల్లల మొఖాలు చూసి, నా పిల్లలు ఎంత బుద్ధిమంతులు అని ఊరంత చెప్పుకున్న. భానుచందర్‌ను చూసి నవ్విన నా మొఖానికి, వాళ్లు ఏం కత వింటుండెనో గుడ తెల్వది.

తెల్లారి మధ్యాహ్నం ఇంటికి పోతా, గల్లీ మలుపు కాడ స్కూటర్ బంద్ చేసిన. దిగి నూకుకుంట నడిచిన. ఎండ దంచుతాంది. ఎదురింటి లైన్‌మన్ "ఏం సేటూ, పెట్రోలైపోయిందా?" అన్నడు. ఔనన్న.

పైకెల్లి గొంతు వస్తాంది. రాత్రి సుభాషిణే పైకి పోయి, పుస్తకమైతె పూర్తి చెయ్ బిడ్డా అని చెప్పిందట. ఇప్పుడు మెట్ల మీద కాదు, పై కిటికీల కూసోని గట్టిగ చదువుతాండు, కిందికి ఇనవడాల్నని. గోడ పక్కన నిలబడి విన్న. మల్లవ్వ మేక తప్పిపోయింది. ముసల్ది చీకటి పడ్డదాంక పిలుస్తాంది. రాసినోడెవడో గాని మేకను తప్పిపోనియ్యకుంట ఉంటె ఏం పోయేది!

గేటు తీసిన. కిర్రుమన్నది. గొంతు ఆగింది.

ఎనక తలుపు కాడికి పోయి చూసిన. పిలగాడు పాలు తాగుతాండు. నా బిడ్డ కండ్లు మూసుకొని ఉన్నది. ఇరవై ఎనిమిదేండ్ల మనిషి, రెప్పలు అదురుతానే ఉన్నయ్.

కిటికీ దిక్కు తలెత్తి, "ఏందయ్యా, పని లేదు పాడు లేదు, చదువుడు గుడ బంద్ చేసినవా? దిగు. మెట్ల మీద కూసోని చదువు" అన్న.

భానుచందర్ పిల్లనెత్తుకొని దిగొచ్చిండు. "ఒకటో తారీఖంకుల్..."

"ఏ ఒకటో తారీఖు? నీ పని నువ్వు చూసుకో" అన్న.

ఆయన మూడో మెట్టు మీద కూసోని పేజీ తీసిండు. మేక కొరకు మళ్ల పిలుసుడు మొదలైంది. స్రవంతి కండ్లు తెరుస్తదేమోనని జర సేపు చూసిన. తెరవలే. నేను ముందటి గదిలకు పోయి తలుపు దగ్గరేసుకున్న. అప్పుడినవడ్డది, "అన్నా, జర ఎనుకకు పోయి చదువవా, మేక తప్పిపోయిన కాడికెల్లి" అని నా బిడ్డ గొంతు.