ఆఖరివాడి కాలు

1984 ఆగస్టు 12, ఆదివారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు ములకలపల్లి దాటాక మా బస్సు బురదలో దిగబడింది. పక్క గూడెం చేనులో వెదురుకాళ్ల పందెం మొదలుకాబోతోంది. అవి పాదం మోపే మెట్టు కట్టిన పొడవాటి వెదురు గడలు; వానాకాలంలో కాలు బురదలో దిగకుండా అక్కడివాళ్లు వాటి మీదే నడుస్తారు. రెండు జట్లు, జట్టుకు నలుగురు, గెలిచినవారికి కోడిపుంజు. యాభై ఏళ్ల లచ్చమ్మ జట్టులో ఒకరు జ్వరంతో రాలేదు. చిన్నప్పుడు కల్లూరులో వెదురుకాళ్లు ఎక్కానని నేను నోరు జారాను.

"గట్లయితే రా సారూ! పడితే బురదనే గదా, బండ గాదు," అన్నది లచ్చమ్మ.

రెండు వందల అడుగుల చేనులో మూడుసార్లు పడ్డాను. మూడోసారి లేచేలోగా మావాళ్లు ముగ్గురూ అందరికంటే ముందు గట్టు చేరారు. గెలిచామనుకొని, బురదలో కూర్చునే చప్పట్లు కొట్టాను.

"చప్పట్లేంది సారూ? లే జల్దీ! ముందొచ్చినోణ్ని మేం లెక్కవెట్టం. ఆఖరోని కాలు గట్టెక్కాలె!"

అలా అరుస్తూనే ఆమె మిగతా ఇద్దరితో వెనక్కి వచ్చింది. ఇద్దరూ చెరో పక్క, ముందు లచ్చమ్మ, నా అడుగుతో అడుగు కలిపారు. అవతలి జట్టు చివరి మనిషికి ఇంకా నాలుగడుగులు ఉండగా నా వెదురు గట్టెక్కింది.

"ఇయ్యాల గెలిపించింది నువ్వే సారూ," అన్నది లచ్చమ్మ రొప్పుతూ. "మా అందరికన్నా ఎనక వచ్చినవ్ గదా!"

గూడెమంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పోయినవి: ఎడమ చెప్పు, చొక్కా గుండీలు రెండు, నన్ను వదిలి వెళ్లిపోయిన బస్సు. దక్కినవి: పుంజు కూరలో నాలుగో వంతు, ఆ వెదురుకాళ్ల జత.