మామ్మ అనని ఆమేన్

మా చిన్నప్పుడు... పొద్దుగూకగానే లాంతరు వెలిగించి, చాప పరిచి, ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనకి కూర్చునేవాళ్లం. గుడ్లవల్లేరు దగ్గర ఓ పల్లెటూరు మాది. నాన్న బడిపంతులు. నాన్నని కన్నతల్లి, మా మామ్మ, ఇంటికి పెద్ద దిక్కు. పాట, వాక్యం అయ్యాక చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరే పైకి ప్రార్థన చెయ్యాలి.

మా ఇంటి పద్ధతి అంతా అక్కడే ఉంది... మామ్మని ఎవరూ నేరుగా ఏమీ అడిగేవారు కాదు. అంత ధైర్యం ఎవరికుంది? కళ్లు మూసుకుని దేవుణ్ణి అడిగేవారు. మామ్మ వినేది. తనకి ఇష్టమైతే చివర్లో గట్టిగా "ఆమేన్" అనేది. కాకపోతే గొంతు సవరించుకుని ఊరుకునేది. నా కొత్త పరికిణీ దగ్గర్నుంచి గేదెని అమ్మడం దాకా అన్నీ అలాగే తేలేవి.

ఆ ఏడు బందరులో ఎగ్జిబిషన్ పెట్టారు. తాటిచెట్టంత ఎత్తున తిరిగే రంగులరాట్నం వచ్చిందని ఊరంతా ఒకటే మాట. మా తమ్ముడు చంటికి ఇంకా మూడేళ్లు నిండలేదు. వాడి ప్రార్థన మొత్తం "ఏసయ్యా, రాట్నం, ఆమేన్". నాన్న ప్రార్థనలో శనివారం బడికి సెలవు, పొద్దుటి రైలు వేళ వచ్చాయి. నేనేమో మేం వెళ్లేదాకా ఎగ్జిబిషన్ ఎత్తెయ్యకుండా చూడమని దేవుణ్ణి బతిమాలాను. మామ్మ అన్నిటికీ ఆమేన్ అంది. ప్రయాణం ఖాయమైపోయింది.

అమ్మ మాత్రం మాతోపాటు చాప మీద కూర్చునేది కాదు. గడప అవతల, వసారా చివర కూర్చునేది... అమ్మకి క్షయ. కంచం, మరచెంబు, పక్క అన్నీ వేరు. చంటి బోర్లా పడకముందే జబ్బు బయటపడింది. అప్పట్నుంచి వాణ్ణి అమ్మ ముట్టుకోలేదు. వాడు గడప దాటబోతే మామ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగేది. అప్పట్లో మామ్మంటే నాకు ఒళ్లు మండిపోయేది. మా మేనత్త, ఆమె పసిబిడ్డ ఇద్దరూ ఆ జబ్బుతో ఆ ఇంట్లోనే పోయారని, మామ్మే వాళ్లకి ఆఖరిస్నానం చేయించిందని తర్వాతెప్పుడో తెలిసింది.

ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చాక అమ్మని ఎక్కడో కొండల్లో ఉన్న క్షయ ఆసుపత్రికి పంపాలి. ఎన్నాళ్లుండాలో ఎవరూ చెప్పలేదు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం అమ్మ వంతు వచ్చింది. ఎప్పుడూ మా అందరి ఆరోగ్యం కోసమే అడిగే మనిషి, ఆ రోజు తన కోసం అడిగింది. మెల్లిగా అంది...

"ప్రభువా... నేను వెళ్లేలోపు చంటిని ఒక్కసారి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని ఉంది. ఆమేన్."

నాన్న ఆమేన్ అన్నాడు, వినీ వినపడనట్టు. నేనూ అన్నాను. మామ్మ అనలేదు. గొంతు కూడా సవరించుకోలేదు. లేచి లాంతరు వత్తి తగ్గించి లోపలికి వెళ్లిపోయింది.

తెల్లారి పెరుగన్నం, మాగాయ ఇత్తడి కారియర్లో సర్దుకుని రైలెక్కాం. అమ్మ కిటికీ పక్కన, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చంటి ఇవతల చివర మామ్మ ఒళ్లో. పెడన దాటేదాకా వాడు అమ్మ వైపు చేతులు చాపుతూనే ఉన్నాడు. అమ్మ బయటికే చూస్తూ కూర్చుంది.

ఎగ్జిబిషన్లో నేరుగా రాట్నం దగ్గరికే వెళ్లాం. చిన్నపిల్లల్ని పెద్దవాళ్లు ఒళ్లో పెట్టుకుని ఎక్కాలన్నాడు తిప్పే మనిషి. మేం అనుకున్న ప్రకారం నాన్న చంటిని అందుకోబోయాడు. మామ్మ ఇవ్వలేదు. అంత జనంలో, ఆ గోలలో, నిలబడినచోటే కళ్లు మూసుకుంది.

"ప్రభువా, పైన గాలి బాగా ఆడుద్ది గదా. ఆ గాల్లో బిడ్డకేమీ కాకుండా చూసే పూచీ నీది. ఆమేన్."

కళ్లు తెరిచి అమ్మతో అంది... "ఎక్కమ్మా. మొహం పక్కకి తిప్పుకుని కూర్చో."

అమ్మ ఎక్కింది. చంటిని ఒళ్లో పెట్టింది మామ్మే. అమ్మ రెండు చేతులూ వాడి పొట్ట చుట్టూ వేసింది. రాట్నం కదిలింది... వాడు కేరింతలు కొడుతున్నాడు. అమ్మ మాత్రం మొహం పక్కకే పెట్టుకుంది. మామ్మ చెప్పిన మాట ఒక్క క్షణం కూడా తప్పలేదు. పైకి వెళ్లినప్పుడల్లా అమ్మ భుజాలు కదలడం కింద నుంచి నాకు కనిపించింది.

రాట్నం ఆగబోతుంటే మామ్మ ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఇంకోసారి తిప్పమని అడిగింది. మామ్మ ఒకళ్లని బతిమాలడం నేను చూసింది అప్పుడే.

దిగాక మామ్మ చంటిని పంపు దగ్గరికి తీసుకెళ్లి కాళ్లూ చేతులూ మొహం శుభ్రంగా కడిగింది. అమ్మ ఏమీ అనుకోలేదు. దూరంగా నిలబడి చూస్తూ నవ్వింది.

అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. రెండో వర్షాకాలంలో కబురొచ్చింది. ఆ సాయంత్రం కూడా చాప పరిచాం... మామ్మ వంతు వచ్చినప్పుడు తను చంటిని ఒళ్లోకి లాక్కుంది.

మొన్న చంటి తన మనవళ్లని హైదరాబాదులో ఏదో పెద్ద పార్కుకి తీసుకెళ్లాడు. ఏ రోజు వెళ్లాలి, ఏవేవి ఎక్కాలి అని పిల్లలు ఫోన్లలోనే తేల్చేసుకున్నారు. ఎవరికి ఏం కావాలో మొహం మీదే చెప్పేసుకుంటున్నారు. మంచిదే... మా అమ్మకి ఆ వీలు లేకపోయింది. ఆ రాత్రి అక్కణ్ణుంచి వాడు నాకు ఫోన్ చేశాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి అడిగాడు.

"అక్కా... అమ్మ నన్నెప్పుడైనా ఒళ్లో కూర్చోబెట్టుకుందా?"

వాడికా రోజు గుర్తులేదు. అమ్మ మొహం కూడా గుర్తులేదు. ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మీ ఇళ్లల్లోనూ ఇలా ఒక్కరికే గుర్తున్న సంగతులు ఉండే ఉంటాయి... ఎవరి సంగతైతే వాళ్లకి ఇప్పుడే చెప్పెయ్యండి. వీలైతే ఇక్కడ మాకూ చెప్పండి.