మెకానిక్ వేసిన కుర్చీ

మా పాత జీపుకి మూడు నెలలుగా ఒక జబ్బు. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ దిగి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కగానే వెనక అడుగున 'టక్' మనేది. మదీనాగూడలో పదేళ్లుగా నేను నమ్మిన మెకానిక్ యాదగిరి, "పాతబడ్డది సార్. మీ మోకాళ్లు చప్పుడు జేస్తలేవా?" అని నవ్వేవాడు. నేను వెళ్లగానే నీడలో కుర్చీ వేసి, ఛాయ్ తెప్పించేవాడు. నేను పుస్తకం తెరిచేవాడిని.

ఇవాళ బాలానగర్‌లో ఇంకో మెకానిక్‌కి చూపించాను. అతను బండి కిందికి దూరి, ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు.

"వెనక చక్రాలను తిప్పే షాఫ్ట్ జాయింట్ అరిగింది సార్. గ్రీజు ఎక్కించే గీ నిపుల్ మీద పాత రంగు గూడ చెదరలే. దీనికి ఎన్నడూ గ్రీజు కొట్టలే."

అక్కడి నుంచే యాదగిరికి ఫోన్ చేశాను. "ప్రతి సర్వీసుకీ గ్రీజు కొట్టానన్నావు కదయ్యా?"

"గంత కిందికి వంగి ఎవలు చూస్తరనుకున్న సార్."

పుస్తకంలో అచ్చుతప్పు కనిపిస్తే ప్రచురణకర్తకి ఉత్తరం రాసే మనిషిని నేను. సొంత బండి కిందికి పదేళ్లలో ఒక్కసారి తొంగిచూడలేదు. ఆ కుర్చీ నా మోకాళ్ల కోసం అనుకున్నాను. నేను వంగి చూడకుండా ఉండటం కోసమని ఇవాళ తెలిసింది.

మిమ్మల్నీ ఎవరైనా ఇంత మర్యాదగా కూర్చోబెడుతున్నారా? ఒకసారి లేచి చూసి, ఏం కనిపించిందో కింద రాయండి.