తాతయ్య తర్జుమా చేయని మాట

నా చిన్నప్పుడు మా తాతయ్య మాట్లాడలేక ఆగిపోవడం ఒక్కసారే చూశాను. అదీ జనంతో నిండిన చర్చిలో, మైకు ముందు.

ఆయన ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమీర్‌పేటలోని మా చర్చికి ఏ దేశం నుంచి బోధకుడు వచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది ఆయనే. దొర చెయ్యెత్తితే తానూ ఎత్తేవారు, దొర గొంతు తగ్గిస్తే తానూ తగ్గించేవారు. ముందు చాప మీద కూర్చున్న నాకు ఆ ప్రసంగమంతా మా తాతయ్యదే అనిపించేది.

మా పక్కింట్లో ఒక అత్త ఉండేది. భర్త పోయాక కుట్టుమిషను మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. నా ఫ్రాకులన్నీ ఆమె కుట్టినవే. ఆ ఏడాదుల్లోనే పంజాగుట్టలో అద్దాల గోడల దుకాణాలు లేచాయి. పరాయి దేశాల పేర్లున్న రెడీమేడ్ బట్టలు వచ్చాయి. గుడ్డ పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడేవాళ్లంతా అటు మళ్లారు. మిషను చప్పుడు మధ్యాహ్నానికే ఆగిపోయేది. "జాకెట్లు తప్ప ఏం వస్తలేవు వదినా. దేవుడు చూస్తుండు గదా" అనేది మా అమ్మతో, నవ్వుతూనే.

ఆ ఆదివారం వచ్చిన దొర కొత్త చర్చి భవనం గురించి మాట్లాడాడు. కానుకల పెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన పేద విధవరాలి కథ ఎత్తుకున్నాడు. ఉన్నదంతా ఇచ్చేసింది కాబట్టే యేసు ఆమెను మెచ్చుకున్నాడన్నాడు. మీరు పేదగా ఉన్నారంటే ఇవ్వడం నేర్చుకోలేదన్నమాట, ఇవ్వండి, నూరంతలుగా తిరిగొస్తుంది అన్నాడు. తాతయ్య ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెబుతున్నారు. కానీ దొర ఎంత ఊగిపోతున్నా ఆయన చేతులు మాత్రం లేవలేదు.

అంతలో మా పక్కింటి అత్త లేచి వేదిక దగ్గరికి వచ్చింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, అందరికీ వినబడేలా అంది: "నాకాడ పైసల్లేవు. నా కుట్టుమిషను ఇస్తున్న. రేపు ఎవరినన్న పంపుండ్రి, తీస్కపోతరు."

హాలంతా హల్లెలూయ అంది. తాతయ్య ఆ మాటను దొరకు ఇంగ్లీషులో చెప్పారు. దొర ముఖం వెలిగిపోయింది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, గట్టిగా ఏదో అని, తర్జుమా కోసం ఆగాడు.

తాతయ్య మాట్లాడలేదు.

దొర ఇంకా గట్టిగా అన్నాడు. ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆయనకేదో అయిపోయిందని నేను చాప మీంచి లేచి నిలబడ్డాను.

"ఈమెను చూసి మీరందరూ ఇలాగే ఇవ్వాలంటున్నారు దొరగారు. ఆ మాట నా నోట రాదు" అన్నారు తాతయ్య చివరికి. తన బైబిలు తెరిచి, ఆ విధవరాలి కథకు సరిగ్గా పైన ఉన్న మాటలు చదివారు. పెద్ద పెద్ద ప్రార్థనలు చేస్తూ విధవల ఇళ్లు మింగేసేవాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని యేసు హెచ్చరించిన మాటలవి. తర్వాత కథ కింది మాటలు చదివారు. అంత గొప్ప దేవాలయంలోనూ రాయి మీద రాయి నిలవదని ఉంది అక్కడ. "ఈ రెండింటి నడుమ ఆ విధవరాలు వచ్చి, తన బతుకంతా పెట్టెలో వేసి వెళ్లింది. యేసు మెచ్చుకున్నాడని మనం అనుకుంటున్నాం. నాకైతే ఆయన కడుపు మండి ఆమెను చూపించాడనిపిస్తోంది" అన్నారు. దొరవైపు తిరిగి అదంతా ఇంగ్లీషులోనూ చెప్పారు. దొర నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

ఒక సంఘపెద్ద వచ్చి తాతయ్య చేతిలోంచి మైకు లాక్కున్నారు. "మాస్టారికి ఒంట్లో బాగాలేదు" అని చెప్పారు. తర్జుమాకు ఇంకొకరు లేచారు.

అంతకన్నా పెద్ద దెబ్బ చర్చి గేటు దగ్గర తగిలింది. అత్త ఏడుస్తూ మాకు ఎదురొచ్చింది. "అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తిరి మాస్టారూ! నా దేవునికి నేనిచ్చేది ఆపనీకి మీరెవరు?"

ఆమె కోసం నిలబడ్డ మనిషిని ఆమే అంత మాట అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. తాతయ్య చేతులు జోడించారు. "పిల్లలకు అన్నం పెట్టేది ఆ మిషనే కదమ్మా" అని మాత్రం అన్నారు.

మిషను కోసం ఎవరూ రాలేదు. అంత జరిగాక రావడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు. తాతయ్యను మళ్లీ వేదిక మీదికి పిలవలేదు. అంతకుముందు ఎదురైతే వందనాలు చెప్పినవాళ్లే పక్కకు తప్పుకునేవారు. ఆయన ప్రతి ఆదివారం వెళ్లి వెనక వరసలో కూర్చునేవారు, పాటలు మాత్రం గొంతెత్తి పాడేవారు.

చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం అత్త తన బైబిలు పట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. "ఆ పైన ఉన్న ముచ్చట జర మళ్ల చదువుండ్రి" అంది తలెత్తకుండా. తాతయ్య చదివారు. ఆమె రెండోసారి కూడా చదివించుకుంది. "గిన్నేండ్ల సంది వింటున్న. గీ రెండు ముచ్చట్లు పక్కపక్కన ఉన్నయని ఎవ్వలు చెప్పలే" అంది. తర్వాత ఆమెకు ఒక బడి యూనిఫారాలు కుట్టే పని దొరికింది. పిల్లలిద్దరూ ఆ మిషను సంపాదన మీదే చదువుకున్నారు.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మా చర్చిలో గోడంత తెర పెట్టారు. దాని మీద ఒక్కో వాక్యమే పెద్ద అక్షరాల్లో వెలుగుతుంది, పైదీ కిందదీ కనపడవు. ఆ వాక్యం చూపించి ఎవరైనా పేదవాళ్లను కానుకలు ఇమ్మని అడిగినప్పుడల్లా తాతయ్య మైకు ముందు ఆగిపోయిన ఆ ఆదివారం గుర్తొస్తుంది. ఒళ్లోని బైబిలు తెరిచి, పై వాక్యం నుంచి చదవడం మొదలుపెడతాను. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా.