మసనోబు చారు

మసనోబు మా పక్కింటాయన. నలభై ఏళ్లు నీగాతా రేవు ఓడల్లో, ఇంజిన్ గదిలో పనిచేశాడు. ఆ మోతలో అరిచి అరిచి విసిగాడో ఏమో, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. భార్య ఇత్సుకో వండింది బాగుందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. బాగుంటే ఖాళీ గిన్నె ముందుకు తోసేవాడు. ఆవిడ లేచి నింపి తెచ్చేది. మా వీధి మగాళ్లంతా ఇంతే, మా ఆయనతో సహా.

కిందటి అక్టోబరులో పక్షవాతం వచ్చి ఇత్సుకో కుడిచెయ్యి పడిపోయింది. ఇంటికి పంపుతూ డాక్టరు ఒకటే చెప్పాడు. బరువు ముప్పై ఎనిమిది కిలోల కంటే తగ్గితే మళ్లీ ఆసుపత్రిలో చేర్చుకోవాలి, ఈసారి ఇంటికి రావడం కష్టం. బయటి నుంచి తెప్పించిన డబ్బా భోజనం ఆవిడ నాలుగు మెతుకులు తిని మూత పెట్టేసేది. దాంతో డెబ్భై రెండేళ్ల వయసులో మసనోబు పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

అన్నం మాడింది, ముద్దయింది, చివరికి అన్నమైంది. మిసో చారు మాత్రం మొదటి రోజే వచ్చేసిందని ఆయన నమ్మకం. వేడినీళ్లలో పులియబెట్టిన ఆ సోయా ముద్ద కలపడమేగా! ఆవిడ సగం తాగి వదిలేసేది. వండటం, కడగటం, ఆవిణ్ణి లేపి స్నానం చేయించడం, మళ్లీ బియ్యం కడగటం. శీతాకాలమంతా అదే. కూర్చుంటే లేవలేనని నిలబడే తినేవాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వాళ్లను చూడబోయి ఆ చారు రుచి చూశాను.

"అన్నయ్యా, ఇందులో ఎండు నెత్తళ్లు ఏవి?"

"నెత్తళ్లెందుకు?"

"ఎందుకా? వాటిని నానేసి మరిగించిన నీళ్లలో కదా మిసో కలిపేది! ఇది చారా? ఉప్పునీళ్లు. నాలుగు నెలలుగా ఈ మనిషికి ఇదేనా పోస్తున్నావు?"

ఆయన ముఖం పాలిపోయింది. భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా!"

"నలభై రెండేళ్లలో మీరేం చెప్పారు గనక?" అంది ఇత్సుకో. కోపంగా కూడా అనలేదు. అలసిపోయిన గొంతుతో అంది. నేను తలదించుకున్నాను. ఆ వారం ఆవిడ బరువు ముప్పై ఎనిమిదిన్నర.

మర్నాడు పొద్దున్నే, నేర్పమని నన్ను పిలిచాడు. ఇంజిన్ బోల్టులు తిప్పిన ఆ లావు వేళ్లతో నెత్తళ్ల తలలు గిల్లి, పొట్టలు తీసి, చేదు రాకుండా ఒక్కొక్కటీ శుభ్రం చేశాడు. ముప్పై చేపలకు ముప్పావు గంట పట్టింది. నానేశాడు, మరిగించాడు, వడగట్టాడు. పొయ్యి ఆపాక మిసో కలిపి గిన్నె ఆవిడ ముందు పెట్టాడు. తర్వాత గోడకు ఆనుకుని కూలబడి కళ్లు మూసుకున్నాడు.

ఇత్సుకో ఎడమచేత్తో తాగింది. ఖాళీ గిన్నె బల్ల మీద ముందుకు తోసింది.

ఆ చప్పుడుకు ఆయన కళ్లు తెరిచాడు. గిన్నెను చూశాడు. బల్ల పట్టుకుని, మోకాలు పట్టుకుని, రెండో ప్రయత్నంలో లేచాడు. గరిటె ముంచుతూ, ఇటు తిరక్కుండానే అడిగాడు.

"రోజుకు ఎన్నిసార్లు లేచేదానివే ఇలా?"

"మీరు ఓడ దిగిన రోజైతే, ఆరు."

ఆయన గిన్నె అంచుదాకా నింపాడు.