గోడవతలి మాస్టారు

మా పెద్దనాన్న పోయారని మా ఇంటికి ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆదివారం పొద్దున్న పెరట్లో మొహం కడుక్కుంటుంటే గోడ అవతల ఆయన కూతురు, మా అక్క, ఒక్కసారిగా ఘొల్లుమంది. అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆవుకి గడ్డి వేస్తున్న నాన్న మాత్రం తల ఎత్తలేదు. ఉన్న గడ్డంతా వేసి, చేతులు దులుపుకుని, అమ్మతో అన్నాడు.

"పొయ్యి ఎలిగించు."

ఇంటిపేరు ఒకటైన వాళ్లలో ఎవరు పోయినా శవం లేచేదాకా మా ఊళ్లో ఆ ఇళ్లవాళ్లెవరూ పొయ్యి వెలిగించరు. ఎంత పగ ఉన్నా ఇది తప్పరు. వెలిగించారంటే, ఆ పోయినవాడు మాకేమీ కాడని ఊరంతటికీ చాటినట్టే.

"అదేటి మాట? తోడబుట్టినోడు!" అంది అమ్మ.

"నాకు అన్న లేడు. నువ్వు ఎలిగించకపోతే నానే ఎలిగిస్తాను."

నాన్న అన్నంత పనీ చేసే మనిషి. ఆయన అన్నగారూ అంతే.

మా పెద్దనాన్న పాతపట్నం కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. తర్వాత జరిగిన సంతాప సభలో ఆయన్ని సౌమ్యులు అన్నారు. సౌమ్యుడట! ఆ నోటి దెబ్బ తిన్నవాళ్లం ఇంకా బతికే ఉన్నాం కదా. ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ణి "ఏటి బాబూ, శోభనం గదిలోంచి లేచి వచ్చేవా?" అని ఆడపిల్లల ముందే అడిగేవారు. ఆయన క్లాసులో నాకైతే పేరే లేదు. "ఒసే గోడవతల పిల్లా" అని పిలిచేవారు. క్లాసంతా నవ్వేది. నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

గోడ నిజంగానే ఉంది. ఒకప్పుడు ఒకే పెరడు. పొలం గట్టు మీది తాటిచెట్ల దగ్గర అన్నదమ్ములకి మాట తేడా వచ్చింది. సర్వేవాళ్లు వచ్చినప్పుడు పెద్దనాన్న ఆ చెట్లు తనవన్నారు. నాన్న సరిహద్దు రాయి పీకేశాడు. ఆయన మా మడికి గండి కొట్టి నీళ్లు వదిలేశారు. నాన్న ఆవుని తోలుకెళ్లి ఆయన చేలో మేపాడు. చివరికి పెరటి మధ్య గోడ లేచింది. నాకు ఊహ తెలిసేసరికే అది నాచు పట్టి ఉంది. కాలేజీకి మా ఊరినుంచి ఒకటే బస్సు. ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఒక్కనాడూ తల తిప్పి చూసిన పాపాన పోలేదు.

అమెరికా అంతర్యుద్ధం మాకు చిన్న పాఠం. పెద్ద పెద్ద యుద్ధాలన్నీ ఆయన ఒక్క క్లాసులో ఊదేసి, ఎవరూ పట్టించుకోని కాన్సాస్, మిస్సోరీ రాష్ట్రాల సరిహద్దు దగ్గర తిష్ఠ వేసేవారు. అక్కడ దండులకన్నా ముందు ఇరుగుపొరుగులే కొట్టుకున్నారు. "ఇది పరీక్షలో రాదు సార్" అని ఒకడు గొణిగితే ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"రాదురా. బతుకులో వస్తాది! పెద్ద యుద్ధంలో తుపాకీ పేల్చినోడికి ఎదుటోడి పేరు తెలీదు. సరిహద్దులో అలాగ కాదు. ఎదుటోడి ఆవు పేరు కూడా తెలుసును."

"ఏం పేరు సార్?" అన్నాడు వాడు, నవ్వించడానికి.

"గౌరి అనుకో."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గౌరి మా ఆవు.

బోర్డు మీద ఒక గీత గీసి, దాని పక్కన నిలువుగా పొగగొట్టాలు గీసేవారు. సైన్యం ఆ సరిహద్దు జిల్లాల్లో జనాన్ని వెళ్లగొట్టిందట. కొంపలు తగలబడ్డాయట. చెక్క ఇళ్లు కాబట్టి బూడిదయ్యాయి, ఇటుకతో కట్టిన పొయ్యిలూ పొగగొట్టాలూ మాత్రం నిలబడిపోయాయట. "ఇల్లు కాల్చగలవు గానీ పొయ్యిని కాల్చలేవు. కాల్చినోడు బతికినన్నాళ్లూ దాన్ని సూస్తూ బతకాల" అనేవారు.

నాకు మండింది. ఒకరోజు లేచి అడిగాను. "ఆ సరిహద్దులో యుద్ధం ఎప్పుడు ముగిసింది సార్?"

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. "పెద్దోళ్లు సంతకాలు పెట్టిన రోజు పుస్తకంలో ఉన్నాది. సరిహద్దులో ఎప్పుడు ముగిసిందో ఎల్లి మీ నాన్నని అడుగు." సుద్దముక్క మళ్లీ తీసుకుంటూ, "నన్నూ అడుగు" అన్నారు. అడగలేదు. అడిగే చనువు ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆయన మీద కోపంతోనే అనుకుంటాను, పై చదువుల్లో ఆ సరిహద్దు మీదే పరిశోధనకి దిగాను. ఆయనకి చెప్పలేదు. ఎలా తెలిసిందో, ఒకసారి బస్సులో ముందు సీటులోంచి, తల తిప్పకుండానే అడిగారు.

"పొయ్యిల గురించి రాసేవా?"

"రాశాను సార్."

"కాల్చడం అందరూ రాస్తారు. తిరిగొచ్చి ఆ పొయ్యిల ముందు ఏటి సేసేరో అది రాయి."

నాకు గుర్తున్నంతలో పాఠం బయట ఆయన నాతో మాట్లాడింది అదొక్కటే. ఆ అధ్యాయం ఎన్నిసార్లు మొదలుపెట్టినా కుదరలేదు.

ఆ ఆదివారం, అమ్మ కదలకపోయేసరికి, అవతల పాడె కడుతుండగా నాన్న పెరట్లో గోడవారనున్న కట్టెల పొయ్యి తనే వెలిగించాడు. ఎసరు పెట్టి బియ్యం పోశాడు. పొగ గోడ దాటి అక్క ఏడుపు మీదికి వెళ్లింది. అవతల ఎవరో "ఒరే, పొయ్యి ఎలిగించేడురా!" అన్నారు. ఏడుపు కూడా ఒక్క క్షణం ఆగింది.

"ఆర్పేయ్ నాన్నా. నీకు దండం పెడతాను."

"నోరుముయ్యి! ఆడి కాడ సదివేవు, ఆడి బుద్దులే వచ్చేయి."

ఇక నేను ఆగలేదు. వీధిలోంచి తిరిగి అవతలింటికి వెళ్లాను. పుట్టి బుద్ధెరిగాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంచిదే చేసింది, నేనైనా అంతే చేసేదాన్ని. ఆయన్ని పెరట్లో పడుకోబెట్టారు. అక్కడినుంచి చూస్తే మా పొయ్యి పొగ తప్ప ఇంకేమీ కనబడదు. "పెద్దనాన్నా" అన్నాను, పైకే. ఆ పిలుపు ఆయన బతికుండగా ఒక్కసారీ నా నోట రాలేదు.

పాడె మా వాకిలి ముందునుంచే వెళ్లాలి, వేరే దారి లేదు. నాన్న బయటికి రాలేదు. డప్పులు మా గుమ్మం దాటుతుంటే పెరట్లోంచి మాడు వాసన వచ్చింది. పెరట్లోకి పరిగెత్తాను. నాన్న పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పుల్ల మీద పుల్ల ఎగదోస్తున్నాడు.

"నాన్నా, అన్నం మాడిపోతోంది."

"మాడనీ."

డప్పులు వినబడడం మానేదాకా ఎగదోస్తూనే ఉన్నాడు. శవం లేచిపోయింది కాబట్టి ఇక ఎవరైనా తినొచ్చు. ఆయన తినలేదు.

అన్న కర్మకి నాన్న వెళ్లలేదు. నేనూ ఇంకా కోపంగానే ఉన్నాను, ఇద్దరి మీదా. అమ్మ ఇప్పుడు వంట లోపల గ్యాసు మీద చేస్తోంది. పెరట్లో ఆ గిన్నె గోడవారన పొయ్యి మీదే ఉంది, మాడిన అన్నంతో, మూత పెట్టి. అమ్మ దాన్ని ముట్టుకోనంటుంది. నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వడు. రోజూ ఆవుకి గడ్డి వేసి వచ్చి, దాని ఎదురుగా కూర్చుంటాడు.